ఆరు చక్రాల ఇంటికి గొళ్లెం

ఉల్యానా రోచెవాకు కోపం ముక్కు మీదే ఉంటుందని రష్యా ఉత్తరాన ఇజ్మా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అందరూ అంటారు. అనేవాళ్లే ఆమె షెడ్డు గుమ్మం దగ్గర కాళ్లకంటిన మంచు దులుపుకుని, టోపీ చేత్తో పట్టుకుని మరీ లోపలికి వస్తారు. విరిగిన ఇరుసు అతికించాలంటే చుట్టుపక్కల ఆమె తప్ప దిక్కు లేదు మరి. ఇరవై ఆరేళ్లు గ్యాసు పైపులైను మీద వెల్డింగ్ చేసింది. ఇద్దరు మగవాళ్ల పని ఒక్కతే చేసింది, ఆ ఇద్దరిలో ఒకడికొచ్చే పేరు కూడా తనకు రాకుండానే పింఛను పుచ్చుకుని ఊరు చేరింది. మొగుడు అంతకు చాలాముందే వదిలేసి పోయాడు. పోయినందుకు ఆమెకు కోపం లేదు, పోతూ పోతూ మంచి సుత్తి పట్టుకుపోయినందుకు ఉంది.

మూతపడిన ట్రాక్టర్ల షెడ్డులో ఆమె బండ్లు కట్టడం మొదలుపెట్టింది. సైన్యం పారేసిన మూడిరుసుల పాత లారీని తెచ్చి, ఆరు చక్రాలకూ మనిషి నడుమెత్తు టైర్లు తొడుగుతుంది. వాటిలో గాలి సగం తీసేస్తే బండి ఎంత ఊబిలోనైనా, ఎంత మెత్తని మంచులోనైనా దిగబడకుండా పోతుంది. వెనక ఇనుప గది. గోడల్లో జానెడు మందాన చలి ఆపే ఫోము, లోపల చెక్క పలకలు, రెండు పడకలు, తలుపు పక్కనే పొయ్యి. వారం రోజులు పోయినా మనిషి మొహం కనపడని టండ్రాలో అదే ఇల్లు.

ఆ ఇంటి తలుపుకి మాత్రం ఆమె తాళం పెట్టదు. బయటినుంచి చేత్తో ఎత్తితే తెరుచుకునే చెక్క గడియ ఒక్కటే పెడుతుంది. ఆ చలిదేశంలో వేట గుడిసెలకూ అంతే. ఎవరికి ప్రాణం మీదికొస్తే వాళ్లు లోపలికి పోవచ్చు. వెళ్లేటప్పుడు పొయ్యి పక్కన ఎండు కట్టెలు, అగ్గిపెట్టె ఉంచి పోవాలి. ఉంచనివాడి పేరు ఊళ్లో మనవల కాలం దాకా చెప్పుకుని ఉమ్మేస్తారు.

వదీమ్ మాస్కో మనిషి. వేటన్నా చేపలన్నా సరదా, మాట వెన్నలా ఉంటుంది. అతని బండిని ఆమె ఏడు నెలలు కట్టింది. తలుపు తప్ప అన్నీ అతనికి నచ్చాయి. తాళం పెట్టమన్నాడు. కుదరదంది. మళ్లీ అడిగాడు. మళ్లీ కుదరదంది, ఈసారి అతని పెంపకం గురించి కూడా నాలుగు మాటలు కలిపింది. మూడోసారి అతను తాళం ఊసే ఎత్తలేదు. గది చుట్టూ మెల్లగా తిరిగి, ఒక్కొక్క అతుకునూ వేలితో నిమిరి, ఇలాంటి పనితనం తానెక్కడా చూడలేదన్నాడు.

"దీన్ని ఎవడో తాగుబోతు వచ్చి పాడుచేస్తే నష్టం నాక్కాదు, మీకు, ఉల్యానా ఇవానొవ్నా."

యాభై ఎనిమిదేళ్లలో ఆమె పనిని అలా నిమిరి చూసినవాడు లేడు. పొగడ్తకు పొంగిపోయానని ఒప్పుకోవాలంటే ఉల్యానాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ పొంగిపోయింది. అరగంటలో తాళం వేసుకోవడానికి మందపాటి ఇనుప గొళ్లెం కోసి, తలుపుకి వెల్డింగ్ చేసేసింది. సగం పని చేసే అలవాటు లేదు కనక గట్టిగానే చేసింది.

ఫిబ్రవరిలో అనీసిమ్ ఆ తలుపు దగ్గరికి వచ్చాడు. అతను ఉల్యానా పిన్ని కొడుకు, రెయిన్‌డీర్ల మంద కాస్తాడు. ఉరల్ కొండల దిగువన వాగు మీది మంచు విరిగి అతని మంచుబండి మునిగిపోయింది. తడిసిన చేతి తొడుగులతో, కన్ను తెరవనివ్వని గాలిలో, పొగ కనపడిన వైపు నడిచాడు. అది వదీమ్ బండి. లోపల హీటరు దాని మానాన అది నడుస్తోంది, గొట్టంలోంచి పొగ వస్తోంది. వదీమ్, అతని స్నేహితులు మాత్రం తలుపుకి తాళం బిగించి ఎక్కడో చేపలు పడుతున్నారు.

లోపల మనుషులు నిద్రపోతున్నారనుకుని అనీసిమ్ మొదట మర్యాదగా తట్టాడు. తర్వాత బాదాడు. తర్వాత చేతికి తాళం తగిలింది. తాళం వేసిన తలుపు ఆ దారుల్లో అతనెప్పుడూ చూడలేదు, కాసేపు అదేమిటో కూడా అర్థం కాలేదట. కత్తిపిడితో గొళ్లేన్ని కొట్టాడు. వేళ్లు తెలియకుండా పోయేదాకా కొట్టాడు. పక్కనే కిటికీ ఉంది. కానీ తెరిచి ఉన్న తలుపులోంచి పోవడం వేరు, పరాయివాళ్ల అద్దం పగలగొట్టడం వేరు. రెండోదాన్ని దొంగతనమంటారు, వాళ్ల ఇంటావంటా లేదు. ఆ పిచ్చి పెద్దమనిషి ఒక గంట బండి చుట్టూ తిరిగి, చివరికి మోచేత్తో అద్దం పగలగొట్టి, తోలు కోటు విప్పేసి ఆ ఇరుకులోంచి లోపలికి పడ్డాడు.

వదీమ్ తిరిగొచ్చి అతన్ని చూసి, ఉపగ్రహ ఫోనులో హెలికాప్టరు పిలిపించాడు. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి. మందలో ఏ జంతువును చూపిస్తే దాని కొమ్ములకే తాడు వేసి పట్టే చెయ్యి అది.

ఊళ్లో కొట్టు దగ్గర మార్ఫా అవ్వ అందరి ముందూ శపించింది. "ఆ గొళ్లెం అతికించినోడి చేతులు పడిపోను." పట్నంలో ఎవడో వేసి ఉంటాడని, మన ఉల్యానా చస్తే వెయ్యదని పక్కనున్నవాళ్లు అన్నారు. ఉల్యానా అది విని రొట్టె సంచీలో వేసుకుని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి ఆమెకు కుక్క మీద కోపం, పొయ్యి మీద కోపం, పలకరించినవాళ్ల మీద కోపం, పలకరించనివాళ్ల మీద ఇంకా కోపం.

మార్చిలో వదీమ్ కిటికీ బాగుచేయించుకోవడానికి బండి తెచ్చాడు. టీ తాగుతూ కథంతా చెప్పాడు. తమ బండి అక్కడ లేకపోతే మనిషి చచ్చేవాడే అన్నాడు. అది నిజమే, అందుకే ఆమెకు మరీ మండింది. కొత్త అద్దం వేశాక దానికి అడ్డంగా ఇనుప ఊచలు కూడా వెయ్యమన్నాడు. వచ్చేవాడు ప్రతిసారీ మంచివాడే అవ్వాలని లేదుగా అన్నాడు. ఆమె నోట మాట వచ్చేలోపే షెడ్డు తలుపు తెరుచుకుంది.

అనీసిమ్. గుడ్డచుట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ఎడమ చంకలో రెయిన్‌డీర్ తొడ మాంసం పెట్టుకుని వచ్చాడు. ఉల్యానా వైపు చూడకుండా నేరుగా వదీమ్ ముందుకు వెళ్లి తల వంచాడు. అద్దం పగలగొట్టినందుకు క్షమించాలన్నాడు, దానికి బదులు ఇది తీసుకోమన్నాడు.

వదీమ్ మాంసం అందుకుని అతని భుజం తట్టాడు. "పర్లేదు లేవయ్యా. ఎవరికైనా జరుగుతుంది. నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఉల్యానా ఆ తొడ అతని చేతుల్లోంచి లాగి బల్ల మీద పడేసింది. సిగ్గు లేకుండా ఎలా తీసుకున్నావని వదీమ్‌ను అడిగింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదంది. తర్వాత తమ్ముడి మీద పడింది.

"నీ వేళ్లు పోయినాయిరా. వాడి అద్దానికి నువ్వు క్షమాపణా?"

"పరాయోళ్ల కిటికీ కదక్కా" అన్నాడు అనీసిమ్.

ఆమె గ్యాసు మంట వెలిగించి తలుపు దగ్గరికి వెళ్లింది. బండి తనదని, ముట్టుకోవద్దని వదీమ్ వెనకాల అంటూనే ఉన్నాడు. బండి నువ్వే ఉంచుకో అంది. తన పనే తనకు అడ్డుపడింది. వెయ్యడానికి అరగంట పట్టిన గొళ్లెం కొయ్యడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది. చివరికి అది ఎర్రగా కాలి నేల మీద పడింది.

"ఇది పట్నంలో వేసింది కాదురా" అంది ఉల్యానా, తలుపు వైపే చూస్తూ. "నేనే వేశాను. ఇక్కడే. వీడు నన్ను పొగిడాడు, నేను వేశాను."

"తెలుసక్కా" అన్నాడు అనీసిమ్. "కత్తిపిడితో కొడుతున్నప్పుడే తెలిసింది. ఇంకెవరు వేసినా ఊడొచ్చేసేది. అందుకే ఊళ్లో ఎవరితోనూ అన్లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఉల్యానాకు అనిపించింది.