లెఫ్ట్ ఫీల్డ్ వెనక నుంచి ఒక కేక

నేను ఏసీ మెకానిక్‌ని. గదిలో ఏదో మూలుగుతోందని ఎవరైనా పిలిస్తే నాకు ఫ్యాన్ బేరింగ్ గుర్తొస్తుంది తప్ప దయ్యం గుర్తు రాదు. సౌదీలో ఉన్నన్నాళ్లూ, మా లేబర్ క్యాంపులో దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడంలో నేనే ముందుండేవాణ్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వితే నవ్వండి.

ధహ్రాన్‌లో మా క్యాంపు పక్కన ఒక మట్టి గ్రౌండు ఉండేది. శుక్రవారం వస్తే జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వాళ్లమంతా అక్కడ క్రికెట్ ఆడేవాళ్లం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

నా రూమ్మేట్ గంగన్న ఆడేవాడు కాదు. నెత్తికి గళ్ల తువ్వాలు చుట్టుకుని, బౌండరీ అవతల నిలబడి అందర్నీ తిట్టడమే ఆయన ఆట. ఎవడైనా బంతి అందుకుని ఒక్క క్షణం ఆగాడా, వాడి పని అయిపోయినట్టే.

“ఎయ్ రా, ఎయ్! పట్టుకొని ముద్దు పెట్టుకుంటున్నవేంది?”

ఆట అయ్యాక అలా తిట్టిన మనిషే అందరికీ మటన్ వండి పెట్టేవాడు.

ఒక రోజు గంగన్న నిద్రలోనే పోయాడు. కాగితాల పనంతా అయి, శవం కోరుట్ల చేరేసరికి చాలా రోజులు పట్టింది. తర్వాత నాకు ఆ గ్రౌండుకి వెళ్లబుద్ధి కాలేదు. పక్క మంచం ఖాళీ. శుక్రవారాలు గడిచేవి కావు.

అప్పట్లో నేను పని చేసే పెద్ద కాంపౌండులో ఇంజనీర్లు, టెక్నీషియన్లు కలిసి బేస్‌బాల్ లీగ్ ఆడేవారు. ఒకసారి క్లబ్ పైకప్పు మీద ఏసీ బాగుచేస్తుంటే బంతి ఎగిరి నా వైపే వచ్చింది. అలవాటుగా ఒట్టి చేతులతో పట్టేశాను. అరచేయి వాచిపోయింది కానీ జట్టులో చోటు దొరికింది. అట్టడుగు డివిజన్‌లో ఆడే జట్టు మాది. నాకిచ్చిన చోటు లెఫ్ట్ ఫీల్డ్. అంటే మన బౌండరీ దగ్గర నిలబడే పనే.

మొదటి మ్యాచ్‌లో బంతిని కొట్టి, అక్కడే వదిలేయాల్సిన బ్యాట్ పట్టుకునే పరిగెత్తాను. అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. అది చిన్న తప్పు. పెద్దది ఆ ఏడాది ఫైనల్లో చేశాను.

క్రికెట్‌లో క్యాచ్ పడితే ఇక పరుగులుండవు. బేస్‌బాల్‌లో అలా కాదు. మనం క్యాచ్ పట్టిన మరుక్షణం, బేస్ మీద కాచుకుని ఉన్నవాడు పరుగు తీయొచ్చు. నాకు ఈ రూలు చెప్పారు, తలకెక్కింది కూడా. చేతులకే ఎక్కలేదు. ఫైనల్లో స్కోరు సమంగా ఉండగా మంచి క్యాచ్ పట్టి, మనవాళ్లలాగే బంతిని ఆకాశంలోకి ఎగరేసి చిందులేశాను. ఈలోగా మూడో బేస్ మీదున్నవాడు నింపాదిగా ఆఖరిదైన హోమ్ బేస్ చేరాడు, వాళ్లకి పరుగొచ్చింది. ఓడిపోయాం. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడాది నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే సౌదీ వదిలి ఇంటికి వచ్చేసే వీసా, ఖాయమైంది. వెళ్లిపోయేలోపు మా జట్టుకి మిగిలింది ఒక్క మ్యాచ్. ఆ చిందుల మనిషిగా మిగిలిపోకుండా, ఒక్కటంటే ఒక్క మంచి ఆట ఆడి వెళ్లాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కెప్టెన్ నన్ను ఆడించడమే ఎక్కువ.

సాయంత్రం, ఎండ ఇంకా ఉంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ముందున్నాం. వాళ్లకింకా రెండు అవుట్లు మిగిలున్నాయి. మూడో బేస్ మీద మనిషి కాచుకుని ఉన్నాడు. బంతి నా వైపు బాగా పైకి లేచింది. వెనక్కి పరిగెత్తి, కంచె దగ్గర అందుకున్నాను.

అందుకోగానే నా చేయి పైకి లేచింది, ఎగరేయడానికే. సరిగ్గా అప్పుడే వెనక నుంచి కేక.

“ఎయ్ రా, ఎయ్!”

ఆలోచించలేదు, విసిరేశాను. బంతి ఒక్క గెంతులో హోమ్ బేస్ దగ్గరున్న క్యాచర్ చేతిలో పడింది, పరిగెత్తి వచ్చినవాడూ అవుటయ్యాడు. మ్యాచ్ మాది. జట్టంతా నా మీద పడిపోయింది. నేను మాత్రం వెనక్కే చూస్తున్నాను. కంచె అవతల ఇసుక, దాని వెనక కాంపౌండు గోడ. మనిషన్నవాడు లేడు.

అక్కడితో అయిపోతే నా చెవుల భ్రమే అనుకునేవాణ్ని. కానీ నా పక్కన సెంటర్ ఫీల్డ్‌లో ఆడిన ఫిలిప్పీన్స్ అతను నోనోయ్ నీళ్లు తాగుతూ అడిగాడు, కంచె వెనక అరిచిన నీ ఫ్రెండ్ ఎవరని. తలకి గళ్ల గుడ్డ చుట్టుకున్నాడట. “ఎయిరా అంటే ఏంటి?” అని కూడా అడిగాడు. నోనోయ్‌కి తెలుగు రాదు. గంగన్న పోయాక వచ్చినవాడు, ఆయన ఫొటో కూడా చూసి ఎరగడు.

ఆ ఇసుక వైపు వెళ్లడానికి ఒకటే గేటు. తాళంచెవి మా మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరే ఉంటుంది. వెళ్లి చూశాను. తాళం తుప్పు పట్టి, తిప్పినా తిరగలేదు.

ఇంటికొచ్చాక కోరుట్ల వెళ్లి గంగన్న భార్య లక్ష్మి వదినకి ఖర్జూరాలిచ్చి, జరిగింది చెప్పాను. చెప్పొచ్చో లేదో అని చాలాసేపు తటపటాయించాను. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే పిచ్చోడా అంటుందనుకున్నాను.

సౌదీ నుంచి ఎవరొచ్చినా, అక్కడ ఉండిపోయినవాళ్ల ఇళ్లల్లో అడిగే మాట ఒకటుంది. వదిన అదే అడిగింది.

“మీ అన్న మంచిగున్నడా? బక్కగైండా?”

“లేదు వదినా, మంచిగనే ఉన్నడు” అన్నాను.

ఆమె తలూపి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. కంచె వెనక మనిషిని నేను చూడలేదు, చూసిన నోనోయ్‌ని ఆ మాట అడగనూ లేదు. ఆ కేక ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకి చెప్పిన జవాబు మాత్రం అబద్ధమని నా నోటితో అనలేను.