మాస్టారి పెళ్ళి, మా అక్క కోపం

మా ఆయనకు గురువులంటే పడదు. తెనాలిలో మందుల కొట్టు నడుపుతారు. జ్వరం వస్తే మాత్ర వేసుకోవాలి గానీ మంత్రం ఎందుకంటారు. అలాంటి ఇంట్లో ఉంటూ నేను ప్రతి ఆదివారం పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్ళడం మొదలుపెట్టానంటే అదంతా మా అక్క చలవే.

కరోనా వచ్చి తగ్గాక నన్నొక వింత జబ్బు పట్టుకుంది. బడిలో పాఠం చెబుతూ ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, ఈ క్షణమే పోతానేమో అనిపించేది. గుంటూరులో అన్ని పరీక్షలూ చేసి గుండె గుర్రంలా ఉందన్నారు డాక్టరుగారు. గుర్రంలా ఉండబట్టే కదండీ ఈ పరుగు అన్నాను. ఆయన నవ్వి నిద్రమాత్రలు రాసిచ్చారు.

అప్పుడే అక్క నన్ను మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురు పెళ్ళై గుంటూరులో ఉంటోంది. బాపట్లలో రైలు దిగి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. మేడ మీద రేకుల షెడ్డు, అందులో కొన్ని చాపలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు. కాషాయమూ లేదు, గడ్డమూ లేదు. ఎవరైనా కాళ్ళకు దండం పెట్టబోతే నడుం జాగ్రత్తమ్మా అని తప్పుకునేవారు.

నా సంగతంతా విని ఆయన చెప్పింది చాలా కొంచెం. "భయం వస్తోందని తలుపు గొళ్ళెం పెట్టకమ్మా. రానీ. చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టు. ఎంతసేపుంటుందో చూడు. చుట్టం కదా, ఉండిపోదు."

ఆ తర్వాత కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. మొదటి వారం నాకు కునుకు తప్ప ఏమీ దొరకలేదు. కానీ మెల్లగా, నెలలు గడిచేకొద్దీ, భయం వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోవడం నేర్చుకుంది. నిద్రమాత్రలు మానేశాను. మా ఆయన అది మా కొట్టుకి నష్టమన్నారు గానీ, ఆదివారం ఉదయం నాకంటే ముందు లేచి స్టేషన్ దగ్గర దింపేది ఆయనే.

ఇక అక్క సంగతి. అక్కకి నలభై దాటకుండానే బావగారు పోయారు. పిల్లలు లేరు. తెనాలిలోనే మా పక్కవీధిలో ఉంటుంది, చీరలకు ఫాల్స్ కుడుతుంది, ఎవరితోనూ పెద్దగా కలవదు. మాస్టారి దగ్గర మాత్రం అందరికంటే ముందు వరస ఆమెదే. పూలు తేవడం, చాపలు దులపడం, కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా కూర్చోవాలో చూపించడం అన్నీ ఆమే చూసుకునేది. ఆమెకు సాటి ఇంకొకరుంటే రిటైరైన ఇంజనీరుగారు. మాస్టారు నోరు విప్పితే చాలు, ఆయన ఫోను రికార్డింగులో ఉండేది. మాస్టారు ఏదైనా మాట మార్చి చెబితే, నిరుడు మీరు ఇలా చెప్పలేదండి అని గుర్తు చేసేవారు. అవునా, అయితే నిరుడు తప్పు చెప్పుంటాను అనేవారు మాస్టారు. ఇంజనీరుగారికి ఆ జవాబు నచ్చేది కాదు.

ఇలా సాగుతుండగా ఒకసారి మాస్టారిని రేపల్లెలో ఎవరో మాట్లాడటానికి పిలిచారు. రైలు దిగుతూ మెట్టు జారి మడమ బెణికించుకున్నారు. ఆయన దిగిన ఇంటి పక్కనే ఒకావిడ ఉండేవారు. గవర్నమెంటాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు. ఆవిడ వచ్చి కట్టు కడుతూ, ఈ వయసులో కదిలే రైల్లోంచి దిగడం ఏం బుద్ధండీ, పదిమందికి చెప్పేవారు మీకు చెప్పేవాళ్ళు లేరా అని గట్టిగా మందలించారట. ఆ మాట విని మేమంతా బిక్కచచ్చిపోయాం. మాస్టారు మాత్రం చిన్నపిల్లాడిలా తలూపుతూ విన్నారట.

ఆ తర్వాత ఆవిడ మాస్టారి కాలు ఎలా ఉందో చూడటానికి బాపట్ల వచ్చారు. ధ్యానంలో కూర్చుని శుభ్రంగా నిద్రపోయి గురక పెట్టారు. లేచాక, ఇంత మంచి నిద్ర నాకు డ్యూటీ రోజుల్లో కూడా పట్టలేదండి అన్నారు. మాస్టారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆయన అలా నవ్వడం మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. అక్క ముఖం చిట్లించుకుంది.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం, ధ్యానం అయ్యాక, రైలు ఆలస్యమని చెప్పినంత మామూలుగా చెప్పారు మాస్టారు. వచ్చే నెల రేపల్లెలో తాను, ఆ నర్సుగారు పెళ్ళి చేసుకుంటున్నామని, కూతురికీ అల్లుడికీ ఇష్టమేనని, మేమంతా రావాలని.

ఇంజనీరుగారు ఫోను తీసి రికార్డింగు ఆపేశారు. మాస్టారూ, జనం ఏమనుకుంటారండి అన్నారు. ఏదో ఒకటి అనుకుంటారండి అన్నారు మాస్టారు. ఇంజనీరుగారు లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన వెనకే ఇంకొందరు.

తిరుగు రైల్లో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిడుబ్రోలు దాటాక, ఊరుకోవే, ఆయనిష్టం ఆయనది అన్నాను. అక్క నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకేం తెలుసే. బావగారు పోయిన రెండేళ్ళకి నాకొక సంబంధం వచ్చింది. మంచివాడు. అమ్మ కూడా చేసుకోమంది. నేనే వద్దన్నాను. ఒంటరిగా ఉండటమే గొప్పదనుకున్నా. మాస్టార్ని చూసి, నేను చేసిందే రైటు అనుకున్నా. ఇప్పుడు ఈయనే ఇలా చేస్తే, నేను ఇన్నేళ్ళూ ఏం చేసినట్టు?"

నాకు ఆ సంబంధం సంగతి తెలియదు. అప్పట్లో నేను కాన్పై చంటిపిల్లతో సతమతమవుతున్నాను. అక్క చేయి పట్టుకున్నాను. తెనాలి వచ్చేదాకా ఆమె విడిపించుకోలేదు. అదొక్కటే నాకు ఊరట.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన ఇడ్లీ తింటున్నవారు ఆగి, "ఇప్పుడు నచ్చాడే మీ మాస్టారు. పెళ్ళికి నేనూ వస్తాను" అన్నారు.

నాకు మాత్రం లోపల కలుక్కుమంటూనే ఉంది. అక్కలాంటి వాళ్ళే వెళ్ళిపోతే నేనెవరిని? నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళకి కనిపించిన తప్పు నాకు కనిపించడం లేదంటే, నేను గుడ్డిదాన్నా? ఇంజనీరుగారు అప్పుడే తెనాలిలో తన ఇంట్లో వేరే సత్సంగం మొదలుపెట్టారు. పాత రికార్డింగులు వినిపిస్తారట. మనిషి మారిపోయినా మాట మారకుండా ఉంది కదా అన్నారట. అక్క అక్కడికి వెళ్తోంది. నన్నూ రమ్మంది.

అడగాల్సింది మాస్టార్నే అడుగుదామని బడికి సెలవు పెట్టి, మామూలు రోజున ఒక్కదాన్నే బాపట్ల వెళ్ళాను. మాస్టారు మేడ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేనూ పక్కన కూర్చుని తీయడం మొదలుపెట్టాను. చేతులకి పనుంటే అడగడం తేలిక.

"మీకు కూడా ఒంటరిగా ఉంటుందా మాస్టారూ?"

"ఉంటుందమ్మా. కోపం చాలావరకు పోయింది. చావంటే భయం కూడా కాస్త తగ్గింది. కానీ ఇంట్లో ఇంకో మనిషి అలికిడి లేకపోవడం, అది మాత్రం తగ్గలేదు."

"ధ్యానంతో పోదాండి?"

"పోతుందేమో. పోగొట్టుకోవాలని నాకనిపించలేదు." పుచ్చిన చిక్కుడుకాయ ఒకటి పక్కకి విసిరి, ఇది పోగొట్టుకోవాల్సిన జబ్బని నేనెప్పుడైనా చెప్పానా అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. ఆలోచించాను. నిజమే, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళి వద్దనీ చెప్పలేదు, సంసారం వదలమనీ చెప్పలేదు. ఆయన ఒంటరిగా ఉన్నారు కాబట్టి అదే పాఠమని మేమే అనేసుకున్నాం.

అప్పుడు అక్క మాట చెప్పాను. మాస్టారి చేతులు ఆగిపోయాయి. ఇంజనీరుగారు వెళ్ళిపోయినందుకు అంత బాధపడినట్టు కనిపించని మనిషి, ఈ మాటకు నీరైపోయారు. ఎదురుగా ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి ఏమనుకుంటోందో నేను గమనించలేదమ్మా అన్నారు. మర్నాడే తెనాలి వస్తానన్నారు.

అన్నట్టే వచ్చారు. నేను స్టేషన్ నుంచి ఆటోలో అక్క ఇంటికి తీసుకెళ్ళాను. అక్క తలుపు తీసింది, కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది. కూర్చోలేదు. మాస్టారు కాఫీ పక్కన పెట్టి, "నువ్వలా అనుకుంటున్నావని నేను చూడాల్సిందమ్మా. చూడలేదు. అది నా తప్పే. నీ కోపం న్యాయమైంది" అన్నారు.

పెళ్ళి మానుకుంటాననలేదు. మళ్ళీ రమ్మని బతిమాలలేదు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, కాఫీ చల్లారిపోతోందండి అంది. అంతే. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

నా మటుకు నాకు ఆ పూటే తేలిపోయింది. తప్పే చేయని మనిషిని నమ్మానని ఇంతకాలం అనుకున్నాను. కాదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని నమ్మాను. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు.

పెళ్ళికి మా ఆయనతో కలిసి రేపల్లె పాసింజరెక్కాను. చిన్న గుళ్ళో పెళ్ళి. మాస్టారి కూతురు కుటుంబం, నర్సుగారి తమ్ముడి కుటుంబం, ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసినవాళ్ళు చాలామంది. మాస్టారి శిష్యులం మాత్రం ఒక వరస కూడా నిండలేదు. తాళి ముడి వేయడం మాస్టారికి ఒక పట్టాన కుదరలేదు. పెళ్ళికూతురు నెమ్మదిగా, కంగారుపడకండి, నేనెక్కడికీ పోను అన్నారు. గుడిలో అందరూ నవ్వారు. భోజనాల్లో మా ఆయన, నర్సుగారు మందుల కంపెనీల మీద ఏకమై తెగ మాట్లాడుకున్నారు. ఆవిడని ఏమని పిలవాలో మాకు తోచలేదు. అమ్మగారూ అంటే, నేనంత పెద్దదాన్నేం కాదు, పిన్నీ అనండి చాలు అన్నారు.

బాపట్ల మేడ మీద ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. చాపలు సగం చుట్టి మూలన పెట్టాల్సి వచ్చింది. మొదట్లో ఆ ఖాళీ చూస్తే బెంగగా ఉండేది. తర్వాత అలవాటైంది. మాస్టారు మాట్లాడుతుంటే పిన్నిగారు మధ్యలో, అది అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అనేవారు. చిత్రమేమిటంటే, మాకూ అర్థం కాని చోటే అడిగేవారు. ఇన్నాళ్ళూ మేమెవ్వరం అడగలేదు, అంతే.

అక్క రాలేదు. ఇంజనీరుగారి ఇంటికి ఏడాది పాటు వెళ్ళి, ఒకే రికార్డింగు మళ్ళీ మళ్ళీ పెడుతున్నారని విసిగి మానేసింది. నేను మాస్టారి మాట ఎత్తేదాన్ని కాదు, ఆమె అడిగేది కాదు. కానీ నేను అక్కడికి వెళ్ళినందుకు నా మీద కోపం పెట్టుకోలేదు.

నిరుడు అక్కకి మోకాలు ఆపరేషనైంది. కుట్లకి కాస్త చీము పట్టింది. రోజూ డ్రెస్సింగ్ చేయాలి. అక్కకి ఆసుపత్రి వాసన పడదు. సంగతి తెలిసి పిన్నిగారు ఎవరూ పిలవకుండానే సంచీ పట్టుకుని తెనాలి దిగారు. నేను భయపడుతూ అక్క ఇంటి తలుపు తీశాను. ఆవిడ నేరుగా అక్క మంచం దగ్గరికెళ్ళి, నువ్వు మా ఆయన మీద కోపంగా ఉన్నావట, ఉండు, కాలు మాత్రం ఇటు చాపు అన్నారు.

అక్క చాపింది.

పది పన్నెండు రోజులున్నారు ఆవిడ. రోజూ అక్కని లేపి నడిపించడం, నడవకపోతే తిట్టడం. నేను బడి నుంచి వెళ్ళేసరికి ఇద్దరూ టీవీ చూస్తూ గొడవపడుతుండేవారు. ఒకరోజు అక్క తనకొచ్చిన ఆ పాత సంబంధం కథంతా ఆవిడకి చెబుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నాను. నాకు చెప్పనివి కూడా చెప్పింది. పిన్నిగారు ఓదార్చలేదు. చేసుకుంటే ఎలా ఉండేదో ఎవరికి తెలుసు, చేసుకోకపోవడం నీ ఇష్టమే కదా, దానికి గొప్పెందుకు, తప్పెందుకు అన్నారు. ఏమో పిన్నీ అంది అక్క.

ఇప్పటికీ అక్క బాపట్ల రాదు. నేను వెళ్తాను. అక్కా, పిన్నిగారూ మాత్రం రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు. మొన్న కార్తీకమాసంలో ఇద్దరూ సముద్రస్నానానికి వాడరేవు వెళ్ళాలనుకున్నారు. ఆదివారం ధ్యానం అయ్యాక మాస్టారు నన్ను పక్కకి పిలిచి, మీ అక్క నన్ను రమ్మనలేదేంటమ్మా అని అడిగారు. మీరే ఫోన్ చేసి అడగండి మాస్టారూ అన్నాను. ఆయన వద్దులే, ఈసారికి వాళ్ళిద్దరినీ వెళ్ళనీ అని చాపలు చుట్టడం మొదలుపెట్టారు.