బోరు కెమెరాకు చూపు కుదిరిన రోజు

పెళ్లిళ్ల వీడియోలు తీసుకుని బతికేవాడివి, బోర్లలోకి కెమెరా దింపే పనిలోకి ఎట్లా పోయావని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఇష్టపడి పోలేదు. తొంభైలలో మదనపల్లెలో నా షాపుకు ముహూర్తాల రోజుల్లో ఊపిరాడేది కాదు. రెండువేలు దాటాక వానలు వరసగా ముఖం చాటేశాయి. వీడియో మాట దేవుడెరుగు, నాలుగు ఫొటోలతోనే పెళ్లిళ్లు అయిపోయేవి. ఏ ఊరికి పోయినా జనం నోట బోరు మాట తప్ప ఇంకో మాట ఉండేది కాదు. బోరులో ఏముందో చూపించే కెమెరా చేద్దామన్న ఆలోచన మా బావమరిదిది.

అతను కుప్పంలో ఒక లేత్ షాపులో పనిచేసేవాడు. గ్రానైట్ కోసే మిషన్ల సామాన్లు బాగుచేసే షాపు అది. చేతిలో పని ఎంత ఉందో నోట్లో మాటలు అంతకు రెండింతలు. ఒక స్టీలు గొట్టం తెచ్చి, ఒక కొసకు మందపాటి గాజు బిగించి, నీళ్లు చొరబడకుండా రబ్బరు రింగులు వేశాడు. లోపల నేను చిన్న కెమెరా, దాని చుట్టూ బల్బులు అమర్చాను. అసలు చిక్కు లెన్సు దగ్గర వచ్చింది. బోరు గోడ దగ్గరగా ఉంటుంది, అడుగు దూరంగా ఉంటుంది. లెన్సు రింగు తిప్పకపోతే ఒకటి కనిపించినప్పుడు ఇంకొకటి కనిపించదు. అంత లోతుకు చెయ్యి పోదు కాబట్టి, పాత టేప్‌రికార్డరులోని బుల్లి మోటారు, దాని రబ్బరు బెల్టు తీసి ఆ రింగుకు తగిలించాం. పైన స్విచ్ ఇటు నొక్కితే రింగు ఇటు తిరిగేది, అటు నొక్కితే అటు. ఇంట్లో టేబుల్ మీద అది తిరుగుతుంటే చూసి ఇద్దరం పొంగిపోయాం.

పొంగు ఎన్నాళ్లో నిలవలేదు. నేల మీద చెప్పినట్టు వినే రింగు, బోరు నీళ్లలో మునగగానే మొండికేసేది. ఏ బోరులో దింపినా ఇదే వరస. అట్లాంటి రోజుల్లోనే పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలోని ఒక పల్లె రైతు మమ్మల్ని పిలిపించాడు.

అతనిది పట్టుపురుగుల సేద్యం. పైపు జాయింటు ఊడి, తాడు తెగి, మోటారు బోరులో పడిపోయింది. నీళ్లు అడుగున మాత్రమే ఉన్నాయి, ఆ అడుగున మోటారు కూర్చుంది. దాన్ని తీస్తే తప్ప ఇంకో మోటారు దింపడానికి లేదు. తోటలో మల్బరీ ఆకు వాడిపోతోంది. ఇంట్లో తట్టల నిండా పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే ఆఖరిసారి పొర విడిచి, గూడు కట్టేముందు రాత్రీ పగలూ ఆకు నమిలే దశ. అప్పుడు ఆకు అందకపోతే అన్నీ చస్తాయి. మోటారు నెత్తిన తాడు కట్టే రింగు పైకి కనిపిస్తే కొక్కి వేసి లాగొచ్చు. అది కనిపిస్తుందా లేదా అన్నదే మేం చెప్పాలి.

రైతు భార్య పళ్లెంలో గంధం, పసుపు, కుంకుమ కలిపి తెచ్చింది. మా వైపు బొట్టు పెట్టకుండా బోరులోకి తాడు కూడా దించరు. మా బావమరిది గొట్టం విప్పి, ఎప్పటిలాగే లెన్సు రింగు మీద తడితడిగా ఇంత గంధం బొట్టు పెట్టి, మళ్లీ బిగించాడు. చూసే కన్ను అదే కాబట్టి బొట్టు దానికే పెట్టాలని అతని వాదన. నేను వైర్లు చూసుకుంటూ పట్టించుకోలేదు.

గొట్టం దిగింది. నీళ్లలో మునిగాక, పైన కెమెరా వైరు తగిలించిన చిన్న టీవీలో అంతా పొగమంచు. స్విచ్ నొక్కితే బుల్లి మోటారు తిరుగుతోంది గానీ లెన్సు రింగు కదలడం లేదు. ఆ మసకలో, మధ్యలో గుండ్రంగా ఏదో తళతళలాడింది.

"అదో, రింగు!" అని రైతు అరిచాడు. "సూడప్పా, ఆడ మెరస్తాండాది!"

"తెలీదప్పా, సరిగా కనపడలేదు. అది రింగని నేను చెప్పను" అన్నాను.

అతను వినలేదు. అప్పటికే పక్క పల్లె రైతొకడు వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతని బావిలో ఇంకా నీళ్లున్నాయి, తోటలో ఆకుంది. తట్టలు తనకిస్తే పురుగులు మేపుతానని, గూళ్లలో సగం ఇస్తానని అన్నాడు. ఇప్పుడు కాదంటే సాయంత్రం ఇంకొకరివి తెచ్చుకుంటానని కూడా చెప్పాడు.

"ఇచ్చేద్దాం" అంది రైతు భార్య మెల్లగా.

"రింగు కండ్లకు కనపడతాంటే యాల ఇచ్చేది? రేపటికి నీళ్లొస్తాయి" అన్నాడు రైతు. పక్క పల్లె మనిషి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ పూటంతా ఆ కెమెరాతో కుస్తీ పట్టాం. బ్యాటరీ మార్చాం. వైర్ల అతుకులు విప్పి మళ్లీ చుట్టాం. వాకిట్లో డ్రమ్ము నీళ్లలో ముంచితే రింగు బుద్ధిగా తిరిగింది, బోరులోకి పోతే మళ్లీ అదే పాట. లోతులో నీళ్లు గొట్టాన్ని అదుముతున్నాయని మా బావమరిది ఒక సిద్ధాంతం లేవదీశాడు. నాకు ఒళ్లు మండి గొట్టం విప్పించాను. గాజు లోపలివైపు సన్నటి నీటి బొట్లు పట్టి ఉన్నాయి. బయటి నీళ్లేమో అనుకున్నాను, కానీ రబ్బరు రింగులు పొడిగా ఉన్నాయి. బెల్టు మాత్రం పచ్చగా, జిడ్డుగా వేలికి అంటింది.

గంధంలోని తడి! ఎండకు కాలిన గొట్టంలో అది ఆవిరయ్యేది. చల్లటి బోరు నీళ్లు తగలగానే ఆ ఆవిరి గాజుకు చెమటలా పట్టేది, ఎండిన బొట్టు మళ్లీ మెత్తబడి దాని మీద బెల్టు జారిపోయేది. డ్రమ్ము నీళ్లు ఎండకు వేడెక్కి ఉన్నాయి కాబట్టి అక్కడ ఏమీ కాలేదు.

"నీ భక్తి తగలెయ్య! కంట్లో గంధం పెడితే ఎవరికి కనపడుతుంది?" అని అరిచాను.

"బొట్టు లేకుండా దింపితే, పళ్లెం తెచ్చిన ఆ యమ్మ ఒప్పుకుంటుందా బావా?" అన్నాడు, తల దించుకుని.

అంతా తుడిచి, బెల్టు కడిగి ఆరబెట్టాం. మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు నీడలోనే గొట్టం బిగించి, బొట్టు బయట పెట్టి దింపాం. టీవీలో బోరు గోడ మీది గీతలతో సహా కనిపించింది. స్విచ్ నొక్కాను. రింగు తిరిగింది. అన్ని రోజుల తిప్పల తర్వాత అది తిరగడం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది.

అడుగు స్పష్టంగా తేలింది. తాడు కట్టే రింగు లేదు. పక్క గోడ విరిగి, పెద్ద బండముక్క బోరుకు అడ్డంగా ఇరుక్కుని ఉంది. కొత్తగా విరిగిన తెల్లటి ముఖం మీద బల్బు వెలుగు పడి నిన్న మెరిసింది అదే. మోటారు దాని కింద ఎక్కడో ఉంది. కొక్కి దూరే సందు కూడా లేదు. ఆ బోరు అయిపోయింది. ఎవరూ చెప్పనక్కరలేదు, అందరికీ కనిపిస్తూనే ఉంది.

రైతు టీవీ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఇంట్లోంచి పురుగులు ఆకు కొరికే చప్పుడు నిన్న వాకిట్లోకి వినిపించింది, ఆ పొద్దున వినిపించలేదు. అతని భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది, మా దగ్గరికి రాలేదు.

"అప్పా," అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా, "ఒక్కసారి నిన్నటి మాదిరి సూపించప్పా."

నేను స్విచ్ రెండోవైపు నొక్కాను. లెన్సు రింగు ఏ అడ్డూ లేకుండా తిరిగింది. బొమ్మ మసకబారి, మధ్యలో గుండ్రంగా మళ్లీ మెరిసింది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వెనకాల అతని భార్య మొదటి తట్ట ఎత్తుకుని పెంటదిబ్బ వైపు నడిచింది.