లోపలే ఉన్నారండి, పిలవను

1967లో నేను తెనాలిలో ఒక సినిమా హాల్లో లేడీస్ గేటు మనిషిని. అప్పట్లో హాల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య భుజమెత్తు గోడ ఉండేది. ఆడవాళ్లు పక్క సందులోంచి వేరే గేటులో వచ్చేవాళ్లు. ఆ గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుని, టికెట్టు సగం చింపి సగం చేతికివ్వడం, పిల్ల ఏడిస్తే తల్లిని కాసేపు వరండాలోకి పంపడం, గోడ మీదుగా తొంగిచూసే కుర్రాళ్ల మొహాన టార్చి కొట్టడం నా పని. ఆ గేటు దాటి మగవాడు లోపల అడుగు పెట్టకూడదన్న నియమం మాత్రం మేనేజరు పెట్టింది కాదు. నేను పెట్టుకున్నది.

నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. బాపట్ల పక్క పల్లెలో పుట్టాను, బడి మొహం చూడలేదు. మ్యాట్నీలకు వచ్చే ఒక ముసలి పంతులమ్మగారు ఇంటర్వెల్లో నా పక్కన నిలబడి, గోడ మీది పోస్టర్లలో అక్షరాలు చూపించి నేర్పారు. ముందు బొమ్మల పేర్లు, తర్వాత తలనొప్పి మాత్రల ప్రకటనలు, చీరల కొట్ల ప్రకటనలు. 67 వేసవికి కూడబలుక్కుంటూ ఏదైనా చదవగలిగేదాన్ని. అది ఒకరోజు అక్కరకొచ్చింది.

ఇక్కడ స్లైడు అంటే ఏంటో చెప్పాలి. చిన్న గాజుపలకకు దీపం మసి పట్టించి, సూదితో గీసి రాస్తే, తెర మీద తెల్లటి అక్షరాలు పడతాయి. హాల్లో ఉన్న మనిషి కోసం ఎవరైనా వస్తే, ఆపరేటర్ మస్తాను అలా రాసి, నడుస్తున్న బొమ్మ మీదే వేసేవాడు. 'ఫలానావారి కోసం బయట ఎదురు చూస్తున్నారు' అని. పురుడు, చావు, తాళంచెవి మర్చిపోవడం, అన్నీ తెర మీదికి ఎక్కేవి.

మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇంట్లో గుడికనో, డాక్టరు దగ్గరికనో చెప్పి వచ్చేవాళ్లు. "ధనమ్మక్కా, మా ఆయనొస్తే నేను రాలేదని చెప్పు" అనేవాళ్లు. చెప్పేదాన్ని. మొహంలో ఏమీ కనపడనీయకుండా "అలాంటివాళ్లెవరూ రాలేదండి" అనడం కూడా గేటు పనే అనుకునేదాన్ని.

రాజ్యలక్ష్మి వేమూరు నుంచి రైల్లో వచ్చేది. ముప్పై లోపు వయసు, పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి కోడలు. నెలకోసారి, ఒక్కతే. ఒకసారి అలవాటు కొద్దీ అడిగాను.

"ఇంట్లో ఏం చెప్పి వచ్చారమ్మా? ఎవరన్నా వస్తే నేనూ ఆ మాటే చెబుతాను."

"సినిమాకని చెప్పే వచ్చానక్కా."

"ఊరుకున్నారా?"

"మా మామగారు కొన్నాళ్లు నా చేతి మంచినీళ్లు ముట్టలేదు. ఎండలు ముదిరాక ముట్టారు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "ఆకలేస్తే లేదని, ఒళ్లు నొప్పులైతే బాగానే ఉన్నానని, ఎప్పుడూ ఏదో ఒక అబద్ధం చెబుతూనే ఉండేదాన్ని. ఆ మధ్య జొరమొచ్చి మంచాన పడ్డప్పుడు ఆలోచించుకున్నాను. సినిమా లేకపోయినా బతకొచ్చు. ఇలా బతకడం మాత్రం నా వల్ల కాదు. నాకోసం ఎవరన్నా వస్తే నువ్వు కూడా లేదని చెప్పొద్దు."

"మరేం చెప్పమంటారు?"

"ఉందని చెప్పు."

"చెప్పడం తేలికేనమ్మా. ఆ తర్వాతే కష్టం."

ఆ కష్టం ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆట మొదలై మూడో పాట నడుస్తోంది. ఇస్త్రీ పంచె, కిర్రు చెప్పులు, చేతిలో చుట్టతో ఒక పెద్దాయన సందులోకి వచ్చాడు.

"ఏమే, వేమూరు రాఘవయ్యగారి కోడలు లోపలుందా?"

'లేదండి' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏళ్ల అలవాటు. దాన్ని మింగాను.

"ఉన్నారండి."

"పిలువు."

"పిలవనండి. ఆట అయ్యాక వస్తారు."

"ఇంటికి చుట్టాలొచ్చారు. కోడలేదంటే సినిమాకెళ్లిందని చెప్పుకోవాలా నేను? నేనెవరో తెలుసా?"

"తెలుసండి. ఆవిడ మామగారు."

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. నేను లేచి పీటను గేటుకు అడ్డంగా పెట్టాను. "ఇది ఆడవాళ్ల వైపండి. లోపల బిడ్డలకు పాలిచ్చుకునేవాళ్లున్నారు. కలెక్టరుగారొచ్చినా ఇక్కడే ఆగాలి."

ఆయన నావైపు చూసి, చుట్ట నోట్లో పెట్టుకుని, మేనేజరు గదివైపు వెళ్లాడు. కాసేపటికి తెర మీద స్లైడు పడింది. నేను ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాను. 'వేమూరు రాజ్యలక్ష్మిగారు వెంటనే బయటికి రావలెను. మీ మామగారికి ప్రాణం మీదికి వచ్చినది.'

నేను చదవడం పూర్తయ్యేసరికే ఆమె బెంచీల మధ్య నుంచి పరిగెత్తుకొస్తోంది. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా, మామయ్యగారికి..."

"అమ్మా, కంగారుపడకండి. ఆ స్లైడు నేనూ చదివాను. ఒక్కసారి ఇటు తొంగి చూడండి."

సందు చివర సోడాబండి దగ్గర రాఘవయ్యగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో చుట్ట, ఒక చేతిలో సోడా.

"సోడా తాగుతున్నారు" అంది ఆమె.

"రెండోది" అన్నాను.

ఇన్నాళ్లూ నిజం చెప్పినందుకు ఆమె మీద అలిగిన పెద్దమనిషి, ఆమెను బయటికి లాగడానికి తన చావు మీదే అబద్ధమాడాడు. ఆమె పమిట సర్దుకుని వెనక్కి తిరిగింది. లోపలివాళ్లు "ఏమైందమ్మా? ఎలా ఉంది మీ మామగారికి?" అని గోల చేస్తున్నారు.

"ప్రాణం మీదికొచ్చి సోడా తాగుతున్నారు పిన్నీ" అని తన చోట కూర్చుంది. ఆడవాళ్ల వైపంతా ఒక్కసారిగా నవ్వు. గోడ అవతల మగవాళ్లు ఏం జరిగిందో తెలియక ఈలలు వేశారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన కూడా గేటు బయటే ఆగాడు.

"ధనమ్మా, ఆవిణ్ణి పంపెయ్. పెద్దవాళ్లతో మనకెందుకు?"

"టికెట్టు చింపాను సార్. ఆట అయ్యేదాకా ఆ చోటు ఆవిడది."

"మొదటే లేదని చెబితే పోయేదిగా? రోజూ చెప్పేదానివేగా!"

"ఈవిడ వద్దన్నారు సార్."

"నీకు జీతం ఆవిడిస్తోందా, నేనిస్తున్నానా?"

"మీరే ఇస్తున్నారు. గేటు మాత్రం తియ్యను."

"అయితే రేపట్నించి రాకు."

"రేపటి సంగతి కదా సార్. ఇవాళ ఆట ఇంకా ఉంది" అని పీట మీద కూర్చున్నాను. చింపిన టికెట్ల సగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆట వదిలాక ఆడవాళ్లు ఇళ్లకు పోలేదు. సందులో రెండు పక్కలా నిలబడ్డారు. రాజ్యలక్ష్మి వాళ్ల మధ్య నుంచి నడిచి మామగారి ముందు ఆగి, చాలా మర్యాదగా అడిగింది. "మామయ్యగారూ, ఒంట్లో ఎలా ఉందండి?"

సోడాబండివాడు అటు తిరిగి దగ్గాడు. రాఘవయ్యగారు చుట్ట పారేసి "రైలుకు టైమైంది, పద" అన్నారు.

"పదండి. వచ్చే నెల కూడా వస్తాను. అప్పుడూ చెప్పే వస్తాను."

నా పని పోయింది. ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైన రోజులున్నాయి, లేవని చెప్పను. ఎలాగో నెట్టుకొచ్చాక రేపల్లెలో కొత్తగా కట్టిన హాల్లో లేడీస్ గేటుకు మనిషి కావాలని తెలిసి వెళ్లాను. జీతం మాట ఎత్తకముందే ఓనరుతో చెప్పాను. "లోపలున్న మనిషిని లేదని చెప్పను. నిజంగా చావో పురుడో అయితే తప్ప ఆట మధ్యలో పిలవను. ఇష్టమైతే పెట్టుకోండి." ఆయన వింతగా చూసి పెట్టుకున్నాడు. టికెట్టు చింపే ముందు వచ్చేవాళ్లకూ అదే చెప్పేదాన్ని. కొందరు తిట్టుకుంటూ వెనక్కి పోయారు. కొందరు ఇంట్లో చెప్పి రావడం మొదలుపెట్టారు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే. మనం దేనికి నిలబడతామో గొడవ వచ్చాక వెతుక్కోకూడదు. పీట వేసుకునే ముందే తెలిసుండాలి. తెలిస్తే భయమేసినా మాట తడబడదు.

ఒకరోజు మ్యాట్నీకి వేమూరు వైపు నుంచి వచ్చిన రైలు దిగి రాజ్యలక్ష్మి వచ్చింది. పక్కన ఒక పెద్దావిడ, మొదటిసారి హాలు చూస్తున్నట్టు చుట్టూ చూస్తోంది.

"మా అత్తయ్యగారు. ఇంట్లో చెప్పే వచ్చారు."

ఆవిడ టికెట్టు నా చేతికిచ్చి గొంతు తగ్గించి అంది. "నాకు చదువు రాదమ్మాయ్. ఆయనకి ప్రాణం మీదికొచ్చిందని మళ్లీ తెర మీద పడితే, కాస్త చదివి చెప్పు."

"చెబుతానండి" అని టికెట్టు సగం చింపి ఇచ్చాను. "ముందు సోడాబండి దగ్గరికెళ్లి చూసొచ్చి చెబుతాను."