పాల క్యూలో తయారైన లైన్

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనుక సందులో రాజమణి పాలు అమ్ముతుంది. నాలుగు బర్రెలు, ఒక రేకుల షెడ్డు, పొద్దున్నే గిన్నెలు పట్టుకుని నిలబడే ఇరుగుపొరుగు. ఇది అందరికీ కనిపించే పని. ఆమెకు ఇంకొక పని ఉంది. సినిమా కథలకు లైన్లు కడుతుంది.

లైన్ అంటే కథంతా ఒక్క వాక్యంలో ఇమడాలి. ఎవరి కథ, వాళ్లకు ఏం కావాలి, ఏది అడ్డం, ఆలస్యమైతే ఏం పోతుంది అన్నవన్నీ అందులో ఉండాలి. చిన్నతనంలో రాజమణి వాళ్ల పశువుల కొట్టం ఒక సినిమా హాలు గోడకు ఆనుకుని ఉండేదట. గోడకు చెవి పెట్టి మాటలు వినేది. కనిపించని సంగతులను తానే కల్పించుకునేది. భయపెట్టే సినిమాలైతే మరీ ఇష్టం.

కట్టిన లైన్‌ను ఆమె పాల క్యూలో పరీక్షిస్తుంది. పాలు పోస్తూ చెబుతుంది. విన్నవాళ్లు "మంచిగున్నది" అని వెళ్లిపోతే ఆ లైన్‌ను అక్కడికక్కడే వదిలేస్తుంది. గిన్నె నిండినా కదలకుండా "తర్వాతేమైంది?" అని నిలబడితే ఉంచుకుంటుంది.

నిరుడు చలికాలం ఆమె చెప్పిన లైన్ ఇది: తన బర్రె ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో చీకటి పడేలోగా ఒకరు చనిపోతారని కనిపెట్టిన పాలామె, ఒకనాడు అది తన ఇంటి ముందే ఆగితే ఏం చేస్తుంది?

ఆ రోజు నేనూ క్యూలో ఉన్నాను. నా వెనుక నిలబడ్డ సోమయ్య, రిటైరైన బస్సు కండక్టరు, పకపకా నవ్వాడు. "ఏందే రాజమణి, బర్రె నీ ఇంటికి రాక మా ఇంటికొస్తదా? రోజూ ఆగుతది. గట్లైతే నువ్వు ఎప్పుడో పోవాల్నాయె!"

"థూ నీ నోరు పాడుగాను! పొద్దుగాల గదేం మాట?" అని తిట్టింది గానీ, పాలు కొలిచే చెయ్యి ఆగిపోయింది. మరునాటికి లైన్ మారింది. బర్రె ఇప్పుడు కథలోని పాలామె బిడ్డ కాపురముండే ఇంటి ముందు ఆగి, ఎంత కొట్టినా కదలదు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. చీకటి పడేలోగా ఆ తల్లి ముగ్గురినీ కాపాడుకోవాలి. ఆ రోజు క్యూ కదలలేదు. సోమయ్య కూడా గిన్నె పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు.

ఆ లైన్ పట్టుకుని రాజమణి రెండు బస్సులు మారి ఒక సినిమా ఆఫీసుకు వెళ్లింది. అక్కడ కథలు వినే శ్రవణ్‌కుమార్ అనే ఉద్యోగి ఆమెను గుమ్మం దగ్గరే ఆపి, "పేజీలేం వద్దమ్మా, లైన్ చెప్పండి చాలు" అన్నాడు. చెప్పింది. కబురు చేస్తామన్నాడు. చేయలేదు.

వేసవిలో ఆ కంపెనీ కొత్త సినిమా ప్రకటించింది. ఒక పోలీసు అధికారి గుర్రం ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో సాయంత్రానికి ఒకరు మరణిస్తారు. ఒకరోజు అది ఆయన కూతురి ఇంటి ముందు ఆగి కదలదు. ఫోన్‌లో ఆ వార్త చదివి సోమయ్య క్యూలోనే కేకేశాడు. "గిది మన లైన్ గాదె! బర్రెను గుర్రం జేసిండ్రు, దొంగనాకొడుకులు!"

రాజమణి కోరినది ఒక్కటే. తెర మీద "కథ" అన్న మాట కింద తన పేరు. నేను న్యాయశాస్త్రం చదివినదాన్ని కనుక నన్ను వెంట రమ్మంది. కోపంతో ఊగిపోతూ వెళ్లాను.

శ్రవణ్‌కుమార్ మాకు టీ తెప్పించాడు. "ఈ లైన్ నాకు తప్ప ఇంకెవరికైనా చెప్పారా అమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

నేను ఆమె చెయ్యి నొక్కాను. ఆమె గమనించలేదు. సాక్ష్యం దొరికిందన్న సంబరంలో ఉంది.

"అయ్యో, మా బస్తీల అందరికెర్కే! సోమయ్య తప్పు బట్టిండు, నేను సరిజేసిన. కావాల్నంటే అడుగుండ్రి, చంటిపిల్లగాడు సుత చెప్తడు."

"బస్తీ అంతటికీ తెలిసినది రహస్యం ఎట్లా అవుతుంది?" అని అతడు నా వైపు చూశాడు. "మీకు తెలుసుగా మేడం. చివర్లో కృతజ్ఞతలలో పేరు వేస్తాం. ఇక్కడ సంతకం పెడితే సరి," అంటూ ఒక కాగితం ముందుకు జరిపాడు.

నాకు తెలుసు. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని విస్తరించి రాసిన రూపం మీదే హక్కు. నమ్మి చెప్పిన రహస్యాన్ని వాడుకున్నారని వాదించవచ్చు గానీ, ఆమె దాన్ని రహస్యంగా ఉంచలేదు. ఉంచితే ఆ లైన్ తయారయ్యేదే కాదు. ఒక్క వాక్యమే తెమ్మని గుమ్మం దగ్గర అడుగుతారు. చట్టం చేతులెత్తేసేది సరిగ్గా ఆ ఒక్క వాక్యం దగ్గరే. ఇది తెలిసి అడుగుతున్నారు. ఈ ఏర్పాటును ఆనవాయితీ అనీ, పరిశ్రమ పద్ధతి అనీ పిలిచేవాళ్ల మొహాన ఆ టీ కొట్టాలనిపించింది.

రాజమణి కాగితాన్ని వెనక్కి నెట్టింది. "కృతజ్ఞతలు మీరే ఉంచుకోండ్రి సారూ. మా బర్రె మీకు గుర్రమైంది గద, దాన్ని మంచిగ సాక్కోండ్రి."

తిరుగు బస్సులో, ఇకమీద క్యూలో లైన్లు చెప్పవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. వారం రోజులు నోరు మూసుకుని పాలు పోసింది. జనం గిన్నెలు నింపుకుని వెళ్లిపోయారు. ఎనిమిదో రోజు సోమయ్యకు చిర్రెత్తింది. "మూగనోము బట్టినవా ఏంది?"

ఆమె నా వైపు చూసింది. "నీ చట్టం నాతోని గాదు, శ్రవ్యా. చెప్పకుంటే అది బాగుందో లేదో నాకెట్ల తెలుస్తది? నేను చెప్త. నువ్వు రాయి." ఆ క్షణమే కొత్త లైన్ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు షెడ్డులో కూర్చుని, ఆమె చెప్పే కథను సన్నివేశం తర్వాత సన్నివేశంగా రాస్తున్నాను. కింద ఆమె సంతకం, తేదీ.

మొన్న మరో సినిమా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. లైన్ చెప్పమన్నారు.

"చెప్ప," అంది రాజమణి. "మా క్యూల నిలబడితే ఊరికెనే వినొచ్చు. మీకైతే కథ మొత్తం రాసిపెట్టిన. తీసుకున్నట్టు సంతకం జేసి పట్కపోండ్రి."

అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. ఆమె చెయ్యి కడుక్కుని, ఎక్కడ ఆపామో చదవమంది.