మూతి విరుపు

ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలకు మెరుగులు దిద్దే ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయికి జనమంటే మహా లోకువ. మచ్చ తీసెయ్యమనేవాళ్లు కొందరు, గడ్డం కింద కండ మాయం చెయ్యమనేవాళ్లు కొందరు. "ఈ మొహాలకి ఇదొకటే తక్కువ" అని గొణుక్కునేది. తన మొహాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తానే గీసుకోవాలని, తానెవరో అప్పుడు గానీ తేలదని పంతం పట్టింది.

సెలవు రోజున బాత్‌రూమ్ అద్దం ఊడదీసి, కిటికీకి ఆనించి, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. కళ్లు కుదిరాయి. ముక్కు కూడా ఎలాగో కుదిరింది. పెదవులే, ఎన్నిసార్లు చెరిపి గీసినా ఓ పక్కకు వంకర తిరిగిపోతున్నాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన చెల్లెలు తొంగి చూసింది.

"అబ్బ, అచ్చు గుద్దినట్టు నువ్వే అక్కా!"

"నీ మొహం! మూతి పాడైపోయింది, కనపడట్లేదా?"

"పాడవడమేంటి? నేనేం చెప్పినా ఇలాగే పెడతావుగా మూతి. నాన్న మాట్లాడినా ఇంతే. ఇప్పుడు కూడా, చూసుకో."

అద్దంలోకి చూసుకుంది. నిజమే. చెల్లెలి మీద ఒళ్లు మండింది, ఆ మూతి మీద అంతకన్నా ఎక్కువ మండింది. రబ్బరు చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసింది. పెన్సిల్ చెక్కుకుని, ఆ వంకరను ఇంకాస్త ముదురుగా దిద్ది, కింద తన పేరు రాసింది.