కోబేలో నేనన్న మాట

మా ఆయన ఓడ డాక్టరు. అంటే ఓడలో వాంతులకి మందిచ్చే ఉద్యోగం అని మా అత్తగారు ఊళ్ళో అందరికీ చెప్పేది. రంగూను నుంచి జపాను దాకా సరుకుల్నీ మనుషుల్నీ మోసుకెళ్ళే ఓడ అది. భార్యాబిడ్డల్ని ఒక్కసారి వెంట తీసుకెళ్ళడానికి కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. "దేశం చూద్దువుగాని, రా" అన్నారాయన. నర్సీపట్నం నుంచి ఎడ్లబండిలో యలమంచిలి స్టేషనుకి వెళ్ళడమే అప్పటిదాకా నేను చేసిన పెద్ద ప్రయాణం. అయినా సరేనన్నాను. మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని బండి ఎక్కుతుంటే అత్తగారు దగ్గరికి వచ్చింది.

"పిల్లని సంక దింపకమ్మా. ఆ దేశం మనుసులకి మన మాట తెలీదు. బేగి వచ్చీండి" అంది.

ఈవిడొకత్తె, నాకా ఆ మాత్రం తెలియంది అని లోపల్లోపల విసుక్కున్నాను.

ఓడలో పిల్లకి పొద్దుపోయేది కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి తెచ్చుకుంది. దాన్ని గుండెకి హత్తుకుని కూర్చుంటే నేను చేతులు చాపి "ఇయ్యే, ఇయ్యే" అనేదాన్ని. మా వైపు 'ఇవ్వవే' అని ఎవరూ సాగదీయరు, 'ఇయ్యే' అంటే సరిపోతుంది. అదీ నన్ను వెక్కిరిస్తూ "ఇయ్యే, ఇయ్యే" అంటూ మొహం అటు తిప్పేసుకుని పకపకా నవ్వేది. ఈ ఆట ఎంతసేపు ఆడినా దానికి విసుగు లేదు. సాయంత్రం నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటే మాత్రం ఆటలన్నీ కట్టిపెట్టి వచ్చి నా కాళ్ళ మీద బోర్లా పడుకునేది. చంటిపిల్లప్పుడు అలా వేసుకుని నీళ్ళు పోసిన అలవాటు దాన్ని వదల్లేదు. వీపుకి కాస్త నూనె రాసి కాళ్ళు ఊపితే అక్కడే నిద్రపోయేది.

మా ఆయనకి జపాను మాటలు కొన్ని వచ్చు. "నాలుగు ముక్కలు నేర్చుకోవే" అన్నారు. ఒక్క పూట ఊరు చూడ్డానికి భాషెందుకండీ అన్నాను.

కోబే రేవులో దిగాం. చీకటి పడేలోగా ఓడ బయల్దేరుతుంది, ఆలోగా తిరిగి ఎక్కెయ్యాలి. పిల్లకి రంగూనులో కొన్న గౌనూ, మొహం సగం మూసే కుచ్చుల టోపీ తొడిగారాయన. నేను మాత్రం పట్టుచీరా, ముక్కుపుడకతో మామూలుగానే ఉన్నాను. వీధిలో జనం చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ నడుస్తున్నారు. మమ్మల్ని చూసి కొందరు ఆగిపోతున్నారు. మందుల దుకాణం ఒకటి కనిపించగానే ఆయన నన్ను బయట నిలబెట్టారు.

"ఇక్కడే ఉండు, కదలకు. ఓడకి కావలసిన మందులు తీసుకుని వచ్చేస్తాను."

పక్క కొట్టులో కాగితం గొడుగులు విప్పి వేలాడదీశారు. ఒక దాని మీద కొంగలు, ఇంకో దాని మీద ఏవో పూలు. చెయ్యి నొప్పెడుతోందని పిల్లని కిందికి దించి, దాని చేత్తో నా చీర కుచ్చిళ్ళు పట్టించాను. గొడుగు మీద చెయ్యి వేసి చూస్తున్నాను. కుచ్చిళ్ళ దగ్గర చెయ్యి లేదని తెలిసి కిందికి చూసేసరికి పిల్ల లేదు.

మా వైపు ఉపమాక తీర్థంలో, అంత జాతర జనంలో పిల్ల తప్పిపోతే ఎవరో ఒకరు ఫలానావారి పిల్ల అని గుర్తుపట్టి ఎత్తుకొస్తారు. ఇక్కడ దాన్ని ఎరిగినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు మందుల దుకాణంలో ఉన్నారు. ఆయన్ని పిలవాలని కూడా తోచలేదు. పిల్ల పేరు పెట్టి కేకలు వేస్తూ జనంలోకి పరుగెత్తాను. ఓడ బయల్దేరిపోయి, పిల్ల ఈ ఊళ్ళో ఉండిపోతే?

చెక్క చెప్పుల కొట్టు ముందు కనిపించింది. ఒక పెద్దావిడ దాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. దాని చేతిలో ఏదో మిఠాయి. పక్కన నడుముకి కత్తి వేలాడేసుకున్న పోలీసు. తప్పిపోయిన పిల్ల అని ఆవిడ అతన్ని పిలిచినట్టుంది. నేను జనాన్ని తోసుకుని వెళ్ళి రెండు చేతులూ చాపాను.

"ఇయ్యే! ఇయ్యే!"

ఆవిడ వెంటనే ఒకడుగు వెనక్కి వేసింది. పిల్లని చూపించి, నన్ను చూపించి ఏదో అడిగింది. "ఇయ్యే! నా పిల్లనియ్యే!" అని ఇంకా గట్టిగా అరిచాను. ఆవిడ పోలీసు వైపు చూసింది. తర్వాత ముక్కు మీద వేలేసుకుంది. పిల్లని వదిలేసుకున్న తల్లిని చూసి ముక్కున వేలేసుకుంటోంది అనుకున్నాను. అంత కంగారులోనూ నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు చూసింది నన్ను నా పిల్ల. నా చేతులు చాపి ఉన్నాయి. నేను "ఇయ్యే" అంటున్నాను. దానికి తెలిసిన ఆటే ఇది.

"ఇయ్యే, ఇయ్యే!" అని నవ్వి, మొహం అటు తిప్పేసి, ఆవిడ భుజంలో దాచుకుంది.

చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడారు. పోలీసు తలూపి పిల్లని తన చేతుల్లోకి తీసుకున్నాడు. నన్ను పక్కకి జరగమన్నట్టు సైగ చేసి నడవడం మొదలుపెట్టాడు. నేను అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాను. ఎవరో నా చెయ్యి మెల్లిగా విడిపించారు. "ఇయ్యే, ఇయ్యే" అని నేను అరిచే కొద్దీ వాళ్ళు నాకూ పిల్లకీ మధ్య అడ్డంగా నిలబడుతున్నారు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. తల్లి ఏడిస్తే తెలియని మనుషులుంటారా? ఆ క్షణంలో ఆ ఊరు మొత్తం మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. కోపం కింద భయం, చచ్చేంత భయం.

గొంతు పోయింది. అరుద్దామంటే గాలి తప్ప ఏమీ రావడం లేదు. పట్టుచీరతో, ఆ వీధి మధ్యలో మట్టిలో చతికిలబడ్డాను. ఎప్పుడు చాపానో తెలియదు, నా కాళ్ళు రెండూ ముందుకి చాపి ఉన్నాయి.

పోలీసు భుజం మీంచి పిల్ల వెనక్కి చూసింది. నవ్వు ఆగిపోయింది. దిగుతానని ఒళ్ళంతా మెలికలు తిప్పి, అతని టోపీ మీద ఒక్కటిచ్చింది. అతను దించక తప్పలేదు. అది బుడిబుడి నడకతో వచ్చి, తన కుచ్చుల టోపీ పీకి పారేసి, మిఠాయి చేత్తోనే నా కాళ్ళ మీద బోర్లా పడుకుంది. నేను కాళ్ళు ఊపాను. అందరూ చూస్తుండగా దాని వీపు మీద చెయ్యి వేసి ఊపుతూనే ఉన్నాను.

ఆ పెద్దావిడ వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన పొడుగు అంగీ చేతి అంచుతో నా మొహం తుడిచింది. పోలీసు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

ఇంతలో మందుల పొట్లాలతో మా ఆయన పరుగెత్తుకొచ్చారు. పోలీసుతో మాట్లాడి నా వైపు తిరిగారు.

"ఏటన్నావే నువ్వు?"

"ఏటంటాను? ఇయ్యే అన్నాను."

ఆయనకి ముందు నవ్వొచ్చింది. ఆ పోలీసు కత్తి నా చేతికి అందుంటే బాగుండేది. నా మొహం చూసి నవ్వు మింగేశారు.

"ఈళ్ళ భాషలో ఇయ్యే అంటే కాదు అనే. ఈ పిల్ల నీదేనా అని ఆవిడ అడిగింది. నువ్వు కాదు, కాదు అన్నావు. పిల్లా కాదంది. మరాళ్ళేం చేస్తారు?" ముక్కు మీద వేలు సంగతి కూడా అడిగాను. ఈ దేశంలో 'నేనా, నన్నా' అనడానికి ముక్కు చూపిస్తారట; పిల్లని తనే ఉంచుకోవాలా అని పోలీసుని అడిగిందన్నమాట.

చీకటి పడకముందే ఓడ ఎక్కేశాం. పిల్ల నిద్రపోయింది. నాకు మాత్రం ఓడ కదిలాక ఏడుపొచ్చింది. నవమాసాలు మోసి కన్నదాన్ని, నలుగురిలో నిలబడి, గొంతు పోయేదాకా నాది కాదు, నాది కాదు అని అరిచాను.

నర్సీపట్నం తిరిగొచ్చిన కొత్తలో ఒకరోజు పక్కింటావిడ మా పిల్లని ఎత్తుకుని వాళ్ళ గుమ్మంలో ముద్దులాడుతోంది. అన్నం పెట్టే వేళయింది. ఆవిడ నా ఈడుదే, ఎప్పుడూ 'ఇయ్యే' అనే అడిగి తీసుకునేదాన్ని. చేతులు చాపాను. మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏటే, అలా సూస్తన్నావు?" అంది ఆవిడ.

నేను మా అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపాను.